ఇద్దరు కూర్చుంటేనే క్లబ్బు

క్లబ్బు, మెట్ల కింది గది
డిసెంబరు

చెల్లాయ్,

నన్ను హోటల్ మేనేజర్ని చేశావు. మర్చిపోయాననుకుంటున్నావేమో, మర్చిపోలేదు. మీ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మీ ఇంట్లో నలుగురినీ టీకి పిలిచిన రోజు అది. వాడి పై ఆఫీసరు నా పక్కన కూర్చుని, "తమరేం చేస్తుంటారండీ?" అని మర్యాదగా అడిగాడు. నేను కప్పు కింద పెట్టి నోరు తెరిచేలోపు, వంటింటి గుమ్మంలోంచి నువ్వు "మా అన్నయ్య హోటల్లో మేనేజరండీ" అన్నావు. ఆయన "ఓహో" అన్నాడు. నువ్వు నా మొహం చూడకుండా లోపలికి పోయావు. జీవితంలో నాకు దొరికిన ప్రమోషన్ అదొక్కటే, అదీ చెల్లెలు ఇచ్చింది. ఆ టీ అలాగే వదిలేసి బండెక్కాను. మళ్ళీ మీ గడప తొక్కలేదు. ఎందుకు రావడం లేదని నువ్వూ అడగలేదు. మేనేజర్ని చేసినందుకన్నా అడగనందుకే నాకు ఎక్కువ మండింది.

నేను నైట్ క్లబ్బులో తలుపు దగ్గర మనిషిని. సిగ్గేం లేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీకు చెవులు సరిగ్గా వినపడటం లేదని విన్నాను. నేను ఇక్కడ అరిస్తే వీధంతా వింటుంది గాని నువ్వు వినవు. అందుకని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. నేను చదివింది మూడో క్లాసు, అందులోనూ సగం రోజులు పంతులు కొట్టాడని పోలేదు.

అసలు సంగతి ఇది. షంటింగాయన పోయాడు. రైలు పెట్టెలు అటూ ఇటూ తోయించే ఆయనే, నవ్వితే మీసం ఊగేది, గుర్తుందా? ఆయన పోవడంతో మన క్లబ్బులో మెంబర్లు ఇద్దరే మిగిలారు. నేనూ నువ్వూ. ఈ గది ఇచ్చిన పెద్దాయన కాగితంలో రాయించిన షరతు నీకు తెలుసు. ఏడాదికోసారి మెంబర్లు ఇక్కడ కూర్చోవాలి. ఇద్దరికి తగ్గితే క్లబ్బు లేనట్టే, గది ఇంటివాళ్ళకి పోతుంది. ఇన్నేళ్ళూ నేనూ షంటింగాయనా పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని టీ తాగి, సమావేశం అయిందని చెప్పుకుని లేచేవాళ్ళం. ఇప్పుడు ఎదురు కుర్చీ ఖాళీ.

పెద్దాయన మనవడు కాచుకుని ఉన్నాడు. మొన్న టేపు పట్టుకొచ్చి గోడలు కొలిచాడు. "మార్చి పదో తేదీ కదా తాతా మీ మీటింగు? ఎవరొస్తారో నేనూ చూస్తా" అన్నాడు. చూడు మరి అన్నాను.

మార్చి పది పొద్దున్న ఆరు గంటలకి నువ్విక్కడ ఉండాలి. కూర్చుంటే చాలు. టీ నేనే పెడతాను.

మీ అన్నయ్య


మా అబ్బాయి ఇల్లు, ముందు బాల్కనీ
జనవరి

అన్నయ్యా,

నీ ఉత్తరం చేరింది. షంటింగాయన సంగతి చదివాను. మంచి మనిషి. పిల్లల డాక్టరులా మాట్లాడేవాడు, ఇంజన్లతో కూడా.

నేను రాలేను. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. అదీకాక ఇక్కడి పరిస్థితి నీకు తెలీదు. మా వీధి చివర మూతపడ్డ సినిమా హాల్లో ఎవరో నైట్ క్లబ్బు పెడతారట. మా అబ్బాయి కాలనీ సంఘానికి కార్యదర్శి. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టిస్తున్నాడు. మా బాల్కనీ కమ్మీలకి ఇంత పొడుగు గుడ్డ కట్టించాడు, ఎర్ర అక్షరాలతో: "మా వీధిలో నైట్ క్లబ్బు వద్దు." ఆ గుడ్డ వెనకాలే కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. ఎండ పడితే ఆ అక్షరాలు తిరగబడి నా కాగితం మీద పడుతున్నాయి. ఇలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేనేమని బయల్దేరను? ఎక్కడికమ్మా అంటే ఏం చెప్పను?

ఆ టీ రోజు సంగతి ఇన్నాళ్ళు పట్టుకుని కూర్చున్నావా? నీ మర్యాద కోసమే అన్నాను. పెద్ద ఆఫీసరు ముందు నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని. అయిపోయినవి తవ్వుకోవడం నీకు సరదా.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. ఇంట్లో ఈ గొడవంతా చూసి మా మనవరాలు, అసలా మాట ఎక్కణ్ణించి వచ్చిందా అని ఫోన్లో వెతికింది. క్లబ్బంటే మొదట్లో దుడ్డుకర్రట అన్నయ్యా! కొట్టే కర్ర. అదే మాట నలుగురు కూడి ఖర్చు తలా కాస్త వేసుకోవడానికి ఎందుకొచ్చిందో చదువుకున్నవాళ్ళకే సరిగ్గా తెలీదట. కూడినవాళ్ళ గుంపు కర్ర కొసన బుడిపెలా ఉంటుందనట, ఏదో. నైట్ క్లబ్బన్నది కూడా మనం పుట్టక చాలా ముందే వేరే దేశాల్లో ఉన్న మాటేనట. వేళ దాటితే దుకాణాలు మూసెయ్యాలని చట్టం ఉన్న ఊళ్ళల్లో, ఇది దుకాణం కాదు, మేమంతా సభ్యులం అని తలుపేసుకుని కూర్చునేవారట. అచ్చం మనలాగే. మనమేదో లోకంలో మొట్టమొదటివాళ్ళం అనుకునేవాళ్ళం కదా. కాదు.

గదికి ఇంకో దారి చూడు. శనివారాలు అక్కడ పాటలు పెట్టే కుర్రాడు ఉన్నాడన్నారు, అతన్నే మెంబర్ని చేసుకో. ఇద్దరవుతారు.

టీలో చక్కెర తగ్గించు.

చెల్లెలు


క్లబ్బు, మెట్ల కింది గది
జనవరి చివర

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి బయటికి పోయి వీధి మూడు చుట్లు తిరిగొచ్చాను. మళ్ళీ చదివి మళ్ళీ తిరిగాను. చెప్పుల షాపువాడు "ఏం తాతా, ఏమన్నా పారేసుకున్నావా?" అని అడిగాడు.

ముందు పాటల కుర్రాడి మాట. కొత్త మెంబర్ని చేర్చాలంటే ఇద్దరు పాత మెంబర్లు సమావేశంలో కూర్చుని సరేననాలి. నేనొక్కణ్ణే కూర్చుని నాకు నేనే సరే అనుకుంటే అది క్లబ్బు కాదు, వాచ్‌మన్ డ్యూటీ. పైగా వాడు శనివారం పాటలు పెట్టి ఆదివారం సాయంత్రం దాకా పడుకుంటాడు. అది డ్యూటీ కాదు. మన లెక్క నీకు తెలుసు. తలుపు దగ్గర నేనడిగేది ఒక్కటే ప్రశ్న: "డ్యూటీ ఎక్కడ?" శనివారం పాటలకి ఎవరన్నా రావచ్చు గాని, తెల్లారి టీకి రాత్రి పని ఉన్నవాడే లోపలికి. ఈ గది ఇచ్చిన పెద్దాయన కొడుకే ఒకసారి సిల్కు చొక్కా వేసుకుని వచ్చి "ఇది మా నాన్న గది" అంటే, "మీ నాన్నదే బాబూ, మీ డ్యూటీ ఎక్కడ?" అని బయట నిలబెట్టాను. ఆ కోపమే ఇప్పుడు మనవడి దాకా వచ్చింది.

కొత్తవాళ్ళని ముందే ఎందుకు చేర్చుకోలేదని అడుగుతావు, నాకు తెలుసు. షంటింగాయన ఒప్పుకునేవాడు కాదు. నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు. సరా?

కాని ఇప్పుడు చేర్చాల్సినవాళ్ళు ఉన్నారు. పాటలవాడి జనం పోయాక నేను గదంతా కడిగి, కిటికీలు తీసి, తెల్లారేసరికి టీకి నీళ్ళు పెడతాను. అంబులెన్సు నడిపే అమ్మాయి ఒకతి వస్తుంది. ఎవరో పెద్దింటి వాచ్‌మన్లు ఇద్దరు, రోడ్లు ఊడ్చేవాళ్ళు, ఎక్కడో దూరదేశంవాళ్ళతో రాత్రంతా ఫోన్లో మాట్లాడే పిల్లలు. అందరివీ మనలాంటి కళ్ళే, ఎర్రగా. ఆ అంబులెన్సు అమ్మాయి మొన్న కప్పు చేత్తో పట్టుకునే నిద్రపోయింది. చేతిలోంచి కప్పు మెల్లిగా తీసి పక్కన పెట్టాను. గదికి తాళం పడితే ఆ పిల్ల పోయి ఏ మెట్ల మీద కూర్చోవాలి? వీళ్ళందరినీ చేర్చడానికి నాకు కావాల్సింది నీ ఒక్క మాట, కూర్చుని అనే మాట.

ఇంక ఆ దుడ్డుకర్ర సంగతి. కర్రంటే మీ మనవరాలు నాకు చెప్పక్కర్లేదు, ఆ తలుపు వెనక ఒకటి ఎప్పుడూ ఉండేది. మనకన్నా ముందు ఎవడో ఆ పేరు పెట్టుకున్నాడంటే పెట్టుకోనీ. మనం పెట్టుకున్నప్పుడు వాణ్ణి అడగలేదు, వాడికీ బాకీ లేము.

కాని పేరు పెట్టింది ఎవరు? అది మాత్రం మీ మనవరాలి ఫోన్లో ఉండదు. మొదటిరోజు అందరం గోనెసంచుల మీద కూర్చున్నాం. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన "రాత్రి విధుల నిర్వాహకుల సంక్షేమ సమాఖ్య" అన్నాడు. ఆయన ఆ మాట పూర్తిచేసేలోపే ఒక నర్సు తెల్ల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంత పేరు పిలిచేలోపు తెల్లారిపోతుందండీ. నైట్ డ్యూటీ ఉందిగా, నైట్ క్లబ్బు ఉంటే ఏం?" అంది. షంటింగాయన తొడ చరిచాడు. అంతే, అదే పేరు. ఆ నర్సు ఎవరే?

మూలన రొట్టెల బట్టీ మనిషి కూర్చున్నాడు, మోచేతి దాకా కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. పేరు పెట్టిన నర్సే వెళ్ళి ఆ చేతికి కట్టు కట్టింది, మన టీ బల్ల మీద. ఆ చెయ్యే తర్వాత ఆ నర్సు మెళ్ళో తాళి కట్టింది. ఆ బల్ల ఇంకా ఇక్కడే ఉంది.

అలాంటి నువ్వు ఆ గుడ్డ వెనక కూర్చుంటావా? రానంటే చెప్పు. మీ అబ్బాయికి నేనే రాస్తాను, వాళ్ళమ్మ ఎవరో.

మీ అన్నయ్య


మా అబ్బాయి ఇల్లు
ఫిబ్రవరి

అన్నయ్యా,

వాడికి రాయకు. నీకు దణ్ణం పెడతాను. రాయకు.

నీ మర్యాద కోసం అన్నానని రాశాను కదా, అది నిజం కాదు. నువ్వు తలుపు దగ్గర మనిషివి. నీకు ఆ మాటతో ఏం పోయింది? "నైట్ క్లబ్బులో పని" అని నువ్వంటే వినేవాళ్ళు నవ్వుతారు, ఒకడు వీపు తడతాడు. నేనంటే ఏమవుతుందో నీకు తెలుసా?

మీ బావ పోయాక, పిల్లాణ్ణి తీసుకుని అద్దెకి ఇల్లు వెతుక్కున్నాను. అప్పటికి మన క్లబ్బులో పగటివాళ్ళని కూడా రానిచ్చి, మందూ పాటలూ మొదలుపెట్టారు. మెంబర్లే చెయ్యెత్తారు, నేను ఎత్తలేదు. పేపర్లో ఏదో గొడవ కూడా పడింది. మొదటి ఇంటావిడ అన్నీ మాట్లాడుకుని, పాలవాణ్ణి కూడా కుదిర్చి, మర్నాడు పిలిచి, "మీరు ఆ నైట్ క్లబ్బు నర్సేనటగా?" అంది. నేను ఔనన్నాను. అప్పటికి నాకు దాచాలని తెలీదు. ఆవిడ నా చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. రెండో ఇంట్లో మొగుడు సరేనన్నాడు, కాని వాడు సరేనన్న తీరుకి నేనే వచ్చేశాను. మూడో ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. తలుపు తియ్యలేదు, అంతే. లోపల మనుషులు మెసులుతున్నారు, నాకు వినిపిస్తూనే ఉంది.

నాలుగో ఇంట్లో ఆ మాట చెప్పలేదు. ఇల్లు దొరికింది. ఆ ఇంట్లోనే వాణ్ణి పెంచాను. నాన్నని ఎక్కడ చూశావమ్మా అంటే హాస్పిటల్లో అని చెప్పాను. అప్పట్నుంచి ఆ మాట నోట్లోకి రాకుండా చూసుకోవడమే నాకు అలవాటైపోయింది. ఆ ఆఫీసరు నిన్నడిగిన రోజు కూడా అదే. నీ నోరు తెరుచుకోవడం చూశాను, నా నోరు ముందు తెరిచాను.

పేరు నేనే పెట్టాను. లోకంలో నాకే మొదట తోచిందనుకుని ఎంత మురిసిపోయానో నీకు తెలుసు. అదే మాట పట్టుకుని ఒకావిడ నా చేతిలో తాళంచెవి లాక్కుంటుందని అప్పుడేం తెలుసు?

నన్ను అడక్కు.

చెల్లెలు


క్లబ్బు, తలుపు పక్క కుర్చీ
ఫిబ్రవరి

చెల్లాయ్,

నీకు మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటిది ఆ తాళంచెవి ఆవిడ మీద. రెండోది ఆ రెండోవాడి మీద. మూడోది నీ మీద. ఇది నాలుగోది, ఇది చింపను, కాగితాలు అయిపోయాయి.

నాకెందుకు చెప్పలేదే? తోడబుట్టినవాణ్ణి కదా. చెబితే ఆ కర్ర పట్టుకుని నేనే వచ్చేవాణ్ణి. వస్తానని తెలిసే చెప్పలేదేమో. వచ్చి ఏం చేసేవాణ్ణి, గోల చేసేవాణ్ణి, ఆ మాట ఇంకో నాలుగు వీధులకి తెలిసేది. సరే. అది నాకు ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి కూర్చోలేకపోతున్నాను.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తలుపు బందు కిర్రుమంటోందని ఊడదీశాను, మళ్ళీ బిగించలేకపోయాను. అంబులెన్సు అమ్మాయి వచ్చి బిగించింది. "తాతా, ఈ తలుపు నీకన్నా మొండిగా ఉంది" అంది. "అది నా దగ్గర నేర్చుకుంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి వెళ్ళిపోయాక అడగాలనిపించింది, నీకు ఇల్లు అద్దెకి ఇచ్చినవాళ్ళు నీ డ్యూటీ సంగతి ఏమంటారమ్మా అని. మర్నాడు అడిగాను. "హాస్టల్లో ఉంటున్నా తాతా. రాత్రి డ్యూటీ అంటే ఇళ్ళు ఇవ్వట్లేదు" అంది. మామూలుగానే చెప్పింది, టీ ఊదుకుంటూ.

ప్రూఫులు దిద్దే ఆయన కోసం కూడా వెతుక్కుంటూ పోయాను, ఒకవేళ బతికున్నాడేమోనని. వాళ్ళబ్బాయి లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. ఆయన గోడ మీద ఉన్నాడు, దండ వేసుకుని. కాసిని మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

మీ అబ్బాయికి రాయను. నా మాట నమ్ము. ఆ పెద్దాయన మనవడు నిన్న మళ్ళీ వచ్చి తాళం సైజు చూసుకున్నాడు, కొత్త తాళం కొనాలట. "ఇంకో మెంబరు ఉందన్నావు, ఏదీ?" అన్నాడు. ఉంది అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? నువ్వు రావాలని ఇప్పుడు అనడం లేదు. అనకుండా ఉండటం ఎంత కష్టంగా ఉందో మాత్రం చెబుతున్నాను.

మీ అన్నయ్య


మా అబ్బాయి ఇల్లు, ముందు బాల్కనీ
ఫిబ్రవరి ఇరవై

అన్నయ్యా,

కొంప మునిగింది. నేనే ముంచాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పొద్దున్న కాలనీ సంఘంవాళ్ళ మీటింగు మా హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక మంచం కూడా లాక్కొచ్చారు. మా కోడలు ఊళ్ళో లేదు, టీ నేనే పట్టుకెళ్ళాను. ఎదురింటి రిటైరైన ఇంజనీరుగారు నా పక్కనే కూర్చున్నాడు, ఆయన గొంతు పెద్దది, నాకు బాగా వినిపిస్తుంది. "అంతా బానే ఉంది గానీ కార్యదర్శిగారూ, అసలు నైట్ క్లబ్బంటే లోపల ఏం చేస్తారండీ? అర్జీలో ఏదో ఒకటి రాయాలిగా" అన్నాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలీదన్నయ్యా! అన్ని సంతకాలు పెట్టారు, ఒక్కరికీ తెలీదు.

మావాడు, "ఏముంటుంది సార్, ఇల్లూ వాకిలీ పట్టనివాళ్ళు చేరతారు" అన్నాడు.

"టీ తాగుతారు" అన్నాను నేను.

నాకు తెలీకుండానే వచ్చేసింది. అందరూ నా వైపు తిరిగారు. మావాడు గొంతు పెంచి, "అమ్మా, నీకు సరిగ్గా వినపడలేదు. మేం వేరే విషయం మాట్లాడుతున్నాం" అన్నాడు.

"నైట్ క్లబ్బు గురించే కదరా. టీ తాగుతారు. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకుని కాళ్ళు పైన పెట్టుకుంటారు. మీ నాన్న వేడి రొట్టెలు తెచ్చేవాడు. మందూ పాటలూ తర్వాత వచ్చాయి, అవి మీ మామయ్యా వాళ్ళ తెలివి."

మావాడి చేతిలో అర్జీ అలాగే ఉండిపోయింది. "అమ్మా, లోపలికి వెళ్ళు."

"నేను మెంబర్నిరా" అన్నాను.

ఇంజనీరుగారు మాత్రం కప్పు అందుకుంటూ, "ఏం మెంబరండీ, ప్రెసిడెంటా?" అన్నాడు. వేళాకోళమో నిజంగా అడిగాడో తెలీదు. మా మనవరాలు వంటింట్లో కిందపడి నవ్వుతోంది. మీటింగు అక్కడితో ఆగిపోయింది. టీలు మాత్రం అందరూ తాగారు.

సాయంత్రం వాడు నా ఎదురుగా కూర్చున్నాడు. "నాన్నని హాస్పిటల్లో చూశానన్నావు" అన్నాడు. "కట్లు మార్చింది హాస్పిటల్లో. చూసింది అక్కడ" అన్నాను. "నాకు ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావు" అన్నాడు. ఇళ్ళ సంగతి చెప్పాను. తాళంచెవి సంగతి కూడా. వాడు లేచి బాల్కనీలోకి వెళ్ళి ఆ గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. విప్పుతాడేమో అనుకున్నాను. విప్పలేదు. వదులైన ముడి మాత్రం బిగించి వచ్చాడు. నాలుగు రోజులైంది, "అన్నం తిన్నావా" తప్ప ఇంకో మాట లేదు మా మధ్య. వాడిది కోపం అయితే నాకు తెలుసు. ఇది కోపం కాదు, అందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

చెబితే ప్రాణం తేలికవుతుందంటారు. నాకేం కాలేదు. కాని చెప్పాను కదా, ఇంక దాచడానికి ఏమీ లేదు. మార్చి పదికి వస్తాను. ఆ అంబులెన్సు అమ్మాయికి సరేనని నా నోటితో అంటాను.

కాని నేను దొంగలా రాను. సందు చివర ఆటో పెట్టుకుని, గుడికో డాక్టరు దగ్గరికో అని చెప్పి రాను. నువ్వొచ్చి తీసుకెళ్ళాలి. మా గడప తొక్కనన్నావు కదా, తొక్కాలి. ఎవరింటి మనిషివో, ఏ పని చేశావో, మా వీధిలో అందరూ వినేలా నీ నోటితో చెప్పి, లోపలికొచ్చి, ఆ రోజు వదిలేసి పోయిన టీ తాగి, నన్ను తీసుకెళ్ళాలి. నీ పౌరుషం ఒక్కదానికేనా ఇల్లంతా వంగాల్సింది? నేను వంగాను. నువ్వూ వంగు.

వాడికి రాయొద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాడికే రాయి. నాకు కాదు.

చెల్లెలు


క్లబ్బు, మెట్ల కింది గది
ఫిబ్రవరి ఇరవై ఐదు

అల్లుడూ,

నేను మీ అమ్మ అన్నయ్యని. నువ్వు నన్ను చూసి చాలా ఏళ్ళయింది. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు నీకు ఒక చేతి గడియారం పెట్టాను. అది నడుస్తోందో లేదో అడగడానికి రాయడం లేదు.

నీకు ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు, బతిమాలడం అసలు లేదు. కనక సూటిగా రాస్తాను. కోపం వస్తే తెచ్చుకో.

మీ అమ్మ నీకు అబద్ధం చెప్పిందని బాధపడుతున్నావట. ఆ అబద్ధం నీ తల మీద ఒక కప్పు ఉండాలని చెప్పింది. ఇల్లు దొరికేదాకా చెప్పి, దొరికాక ఆపడానికి ధైర్యం చాల్లేదు. నేను పక్కనే ఉండి కూడా ఆ సంగతి కనిపెట్టలేదు, నా పౌరుషం ఒకటి చూసుకుంటూ కూర్చున్నాను. నీ కోపం ఎవరి మీదన్నా పెట్టుకోవాలంటే ఆ ఇంటివాళ్ళ మీద పెట్టుకో. లేదా నా మీద పెట్టుకో, నాకు అలవాటే.

మీ నాన్న రాత్రంతా బట్టీ ముందు నిలబడేవాడు. తెల్లారాక ఊరంతా ఆయన రొట్టె తినేది, ఆయన తినడానికి మాత్రం తెరిచిన తలుపు ఉండేది కాదు. అందుకని పదిమంది కలిసి ఒక తలుపు పెట్టుకున్నారు. నేను దానికి కాపలా. అంతే కథ. తర్వాత దాంట్లో మందొచ్చింది, పాటలొచ్చాయి. ఆ చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను, నీకు దాచను. మీ వీధిలో రాబోయేది ఎలాంటిదో నాకు తెలీదు. అది మీ చెవులు పగలగొట్టేదైతే, రానివ్వకు, సంతకాలు పెట్టించు. నీ గుడ్డ విప్పమని నేను అడగను. నీ ఇల్లు, నీ కమ్మీలు. కాని దాని వెనక మీ అమ్మని కూర్చోబెట్టకు. కావాలంటే ఆవిడ కుర్చీ ఇటు పక్కకి, వీధి కనపడే చోటికి జరుపు.

మార్చి పదో తేదీ పొద్దున్న మీ అమ్మ ఇక్కడ నాకెదురుగా కూర్చోకపోతే ఈ గదికి తాళం పడుతుంది. ఇక్కడికి రోజూ తెల్లవారి వచ్చే అమ్మాయి ఒకతి అంబులెన్సు నడుపుతుంది. రేపు నీకే గుండెలో నొప్పొస్తే ఆ పిల్లే నిన్ను మోసుకుపోతుంది. ఆ పిల్లకి కూర్చునే చోటు ఉంటుందా లేదా అన్నదే ఇప్పుడు సంగతి. మా పాత ముచ్చట్లు కాదు.

ఎనిమిదో తేదీ మధ్యాహ్నం బండికి నేను మీ ఊరు వస్తున్నాను. మీ అమ్మని తీసుకెళ్తాను. తీసుకెళ్ళొచ్చా అని అడగడం లేదు, ఆవిడ వస్తానంది, ఆవిడ పెద్దమనిషి. కావాలంటే నువ్వూ రా, ఆవిడ మోకాళ్ళు బాగాలేవు, మెట్ల దగ్గర ఒక చెయ్యి కావాలి. బండిలో కిటికీ పక్క సీటు ఆవిడకి ఇద్దాం.

నేను అడిగేది వేరే. మీ గేటు దగ్గర నిలబడి, నేనెవరో, ఎక్కడ పనిచేశానో గట్టిగా చెబుతాను. నాకు మెల్లగా చెప్పడం రాదు. ఎదురింటి ఇంజనీరు వింటాడు, సంతకాలు పెట్టినవాళ్ళంతా కిటికీలు తీస్తారు. అప్పుడు నువ్వు బయటికొచ్చి, వాళ్ళందరి ముందు, నన్ను మామయ్య అని పిలుస్తావా, పిలవవా?

పిలుస్తానంటే పిలుస్తానని రాయి. పిలవనంటే పిలవనని రాయి, నేను గేటు బయటే నిలబడి మీ అమ్మని తీసుకుపోతాను, నీ గడపకి మచ్చ రానివ్వను. "చూద్దాం" అని మాత్రం రాయకు. చూద్దాం అనేవాళ్ళని నేను తలుపు దగ్గర చాలామందిని చూశాను.

మార్చి ఐదో తేదీ సాయంత్రం టపా లోపల నాకు జవాబు అందాలి.

మీ మామయ్య